లాభం కనిపిస్తున్నా గల్లా ఎందుకు ఖాళీ అవుతుంది

చిన్నమ్మలూ,

సొంతంగా వ్యాపారం పెడుతున్నానని నువ్వు రాసిన దగ్గర్నుంచీ నీకు చెప్పాల్సినవి మనసులో పేర్చుకుంటున్నాను. నిన్ను భయపెట్టాలని కాదు. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల ప్రకారం అక్కడ కొత్తగా తెరిచిన సంస్థల్లో దాదాపు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే మూతపడుతుంది, ఐదేళ్ళకి సుమారు సగమే మిగులుతాయి. మూతపడ్డవన్నీ గిరాకీ లేనివనుకోకు. ఆర్డర్లు ఉండి, కాగితం మీద లాభం ఉండి, జీతాలిచ్చే రోజున చేతిలో డబ్బు లేక ఆగిపోయేవి కూడా ఉంటాయి. నాకు దిగులంతా వాటి గురించే.

అదెలా జరుగుతుందో నిదానంగా లెక్క కట్టి చూడు. సరుకు దిగిన 15 రోజులకి నువ్వు డబ్బు కట్టాలి. అది అమ్ముడుపోవడానికి 40 రోజులు పడుతుంది. అరువు మీద తీసుకున్నవాళ్ళు మరో 45 రోజులకి ఇస్తారు. అంటే నీ డబ్బు 85వ రోజున తిరిగొస్తుంది, నువ్వు కట్టేసింది మాత్రం 15వ రోజున. మధ్యలో 70 రోజులు అది బయటే ఉంది. కొన్న ధరలో రోజుకి 1,000 సరుకు కదిలితే, 70,000 ఎప్పుడూ ఇరుక్కునే ఉంటుంది. ఇప్పుడు అమ్మకాలు రెట్టింపయ్యాయనుకో. అందరూ సంబరపడతారు, నీకు మాత్రం 1,40,000 కావాలి. ఆ పై 70,000 ఎక్కడ్నుంచి తేవాలో ముందే చూసుకోకపోతే, బాగా నడుస్తున్న రోజుల్లోనే మునిగిపోతావు.

అందుకే ఆ 70ని తగ్గించడం మీద పట్టుదలగా కూర్చో. వసూలు 45 రోజుల నుంచి 30కి దిగితే, సరుకు విలువలోనే 15,000 వడ్డీ లేకుండా నీ చేతికొస్తుంది. సరుకు పంపిన రోజే బిల్లు వెయ్యి, నెలాఖరు దాకా ఆగకు. ఫలానా తేదీలోగా కట్టాలని బిల్లు మీదే రాయి. గడువుకి మూడు రోజుల ముందు ఫోన్ చేసి బిల్లు అందిందా, అందులో తేడాలేమైనా ఉన్నాయా అని అడుగు. ఆలస్యానికి బిల్లులో తప్పుని సాకుగా చూపేవాళ్ళు ఎక్కువ. పాత బాకీ తీరందే కొత్త సరుకు వదలొద్దు. ఒకరి కోసమే ప్రత్యేకంగా చేసే పనికైతే కనీసం ముడిసరుకు ఖర్చు తీరేంత అడ్వాన్స్ లేకుండా చెయ్యి పెట్టకు. డబ్బు అడగడానికి మొహమాటపడే గుణం నీలో ఉంది. అది వ్యాపారంలో పనికిరాదు తల్లీ. నికర లాభం 10 శాతం ఉన్నచోట 1,000 బాకీ మునిగితే, ఆ నష్టం పూడటానికే ఇంకో 10,000 అమ్మాలి.

ఇక ధర. 100కి కొని 130కి అమ్మితే మార్జిన్, అంటే మిగులు, 30 శాతం అనుకుంటారు. అమ్మకం ధర మీద చూస్తే అది 23 శాతమే. రాయితీ ఇచ్చేటప్పుడు ఈ తేడా మరీ దెబ్బతీస్తుంది. 100కి అమ్మేదాని మీద నీకు 30 మిగులుతుంటే, 10 శాతం తగ్గించగానే 20కి పడిపోతుంది. మునుపటి మొత్తం రావాలంటే ఒకటిన్నర రెట్లు అమ్మాలి. పక్కవాడు తగ్గించాడని నువ్వూ తగ్గించే ముందు ఈ లెక్క వేసి చూసుకో. ధర కట్టేటప్పుడు నీ జీతం కూడా ఖర్చులో కలుపు. అది కలపకపోతే నీ చాకిరీనే లాభం అనుకుంటావు.

నష్టం రాకుండా ఉండాలంటే నెలకి ఎంత అమ్మాలో కూడా తేల్చుకో. అద్దె, జీతాలు, కరెంటు లాంటి మారని ఖర్చుల్ని అమ్మకం ధర మీద చూసిన మార్జిన్ శాతంతో భాగించడమే. ఖర్చు 60,000, మార్జిన్ 30 శాతం అయితే 2,00,000.

వీటన్నిటికంటే నీకు అక్కరకొచ్చేది రాబోయే 13 వారాల నగదు పట్టీ. వారానికో గడి గియ్యి. పైన చేతిలో ఉన్న నగదు, కింద రాబోయేది, ఆ కింద పోయేది, అడుగున మిగిలేది. రాబడిని బిల్లు వేసిన వారంలో కాకుండా డబ్బు నిజంగా చేతికొచ్చే వారంలో రాయి. ఎప్పుడూ పది రోజులు ఆలస్యం చేసేవాళ్ళ డబ్బుని పది రోజుల తర్వాతే చూపించు. పోయేవాటిలో జనం మర్చిపోయేవి పన్నులు, బీమా, ఏడాదికోసారి కట్టే ఫీజులు. ప్రతి సోమవారం పాత వారం కొట్టేసి కొత్తది చేర్చు. ఏడో వారంలో అడుగు గడి మైనస్‌లోకి పోతే, సర్దుకోవడానికి నీకింకా ఆరు వారాలుంటాయి. అది ఆ రోజు ఉదయమే తెలిస్తే దొరికిన వడ్డీకి అప్పు తేవాల్సిందే.

ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా వేరుగా ఉంచు. కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసిన పన్నుకి మూడో ఖాతా తెరువు, ఆ డబ్బు నీది కాదు. ఏళ్ళ తరబడి వాడే యంత్రాన్ని ఏడాదిలో తీర్చాల్సిన అప్పుతో కొనకు. అమ్మకాల్లో మూడోవంతు ఒక్కరి దగ్గర్నుంచే వస్తుంటే, వెంటనే ఇంకొకరిని వెతుకు.

ఒక్కటి మాత్రం తలుపులు తెరవకముందే చెయ్యి. ఎంత డబ్బు పోతే ఆపేస్తావో, ఏ తేదీకి ఏ అంకె చేరకపోతే ఆపేస్తావో కాగితం మీద రాసి పెట్టు. నష్టంలో ఉన్నప్పుడు మనసు ఇంకో నెల అంటూనే ఉంటుంది, ఆ నెలల్లోనే దాచుకున్నదంతా కరిగిపోతుంది.

ఆదివారంలోగా పట్టీ గీసి నాకు ఫోటో పంపు. తెలియని అంకెల దగ్గర గడి ఖాళీగా వదిలెయ్, అవేమిటో ఫోన్‌లో కూర్చుని తేల్చుకుందాం.

ప్రేమతో,
నాన్న