ఏది రీసైకిల్ అవుతుందో ముందు చెప్పండి

సంపాదకుడు గారికి,

చెత్తను వేరు చేసి ఇవ్వమని ఇళ్లకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వేరు చేశాక అందులో ఏది మళ్లీ వస్తువుగా మారుతుందో, ఏది డంపింగ్ యార్డుకు పోతుందో చెప్పేవాళ్లే లేరు. అది తెలియకపోతే మనిషి ఎంత శ్రద్ధ పెట్టినా సగం శ్రమ వృథా.

ప్లాస్టిక్ డబ్బా అడుగున బాణాలతో ఒక త్రికోణం, మధ్యలో 1 నుంచి 7 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. ఆ గుర్తుంటే చాలు, రీసైకిల్ అవుతుందనే చాలామంది అనుకుంటారు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ అంకె చెప్పేది అది ఏ రకం ప్లాస్టిక్ అన్నది మాత్రమే. నీళ్ల సీసాల్లాంటి 1వ రకానికి, షాంపూ డబ్బాల్లాంటి 2వ రకానికి చాలాచోట్ల గిరాకీ ఉంది. థర్మోకోల్ 6వ రకం. దాన్ని తీసుకునేవాళ్లు అరుదు. లోపల వెండి రంగు పొర ఉండే ప్యాకెట్ల సంగతి ఇంకా కష్టం, అతికిన పొరలను విడదీయడం అంత తేలిక కాదు. జనం పొరబడుతున్నారనే 2013లో బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టాలని ప్రమాణం మార్చారు. అయినా పాత గుర్తు ఇంకా కనిపిస్తూనే ఉంది. ప్రపంచంలో 2019లో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమేనని ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్క. కాబట్టి అసలు కొనకుండా ఉండగలిగిన ప్లాస్టిక్‌ను కొనకపోవడమే అన్నిటికన్నా మేలు.

లోహాల కథ వేరు. అల్యూమినియం డబ్బాను కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే ఇంధన శక్తిలో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. గాజునూ ఎన్నిసార్లయినా కరిగించొచ్చు. కాగితం మాత్రం ఎంగిలి, నూనె అంటితే పనికిరాదు. తడి చెత్తను విడిగా ఉంచమనేది అందుకే.

ఆ తడి చెత్త గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటున్నాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోదే! చెత్త గుట్టల కింద గాలి ఆడక కుళ్లితే ఆ ఆహారం మీథేన్ అనే వాయువును వదులుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కావలసినంతే వండుకోవడం, తొక్కలను కంపోస్టు చేసుకోవడం ఏ యంత్రమూ అక్కర్లేని పనులు.

చెత్త సేకరించే సంస్థలు తాము ఏవి తీసుకుంటాయో, అవి ఎక్కడికి చేరతాయో ఇంటింటికీ తెలిసేలా ప్రకటించాలి. మీ పత్రిక కూడా వారానికో వస్తువును తీసుకుని దాని ప్రయాణాన్ని రాయాలని నా విన్నపం. బ్యాటరీలతో మొదలుపెట్టండి. పొడి చెత్తలో పడిన లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి, ఆ చెత్తను చేతులతో ఏరేవాళ్లకే ముందుగా ప్రమాదం.

ఇట్లు,
మీ పాఠకురాలు