రుచితో పాటు చరిత్రా నిజమై ఉండాలి

సంపాదకులు గారికి,

గైడ్ వెంట నడుస్తూ నగరంలోని పాత వీధులను చూడటం, అక్కడి వంటకాలను రుచి చూడటం కలిసిన నడక యాత్రలు సంతోషకరమే కానీ, వాటిలో రుచికి దక్కుతున్న శ్రద్ధ చరిత్రకు దక్కడం లేదు. ఏ వంటకాన్ని చూపినా ‘వేల ఏళ్ల నాటిది’ అనడం కొందరు గైడ్లకు పరిపాటి అయింది. మిరప, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల్లో పుట్టినవనీ, 1492లో కొలంబస్ ఆ తీరాలను చేరిన తరువాతే సముద్ర వర్తకంతో మిగతా ప్రపంచానికి పాకాయనీ తెలిసినవారు, వాటితో వండిన కూరను ప్రాచీన రాజుల భోజనమని ఎలా వర్ణించగలరు? నిజానికి ఆ పదార్థం ఏ రేవులో దిగింది, ఏ సంతకు చేరింది, ఎవరి వలసలతో ఇప్పటి రూపం దాల్చింది అన్నదే అసలైన నగర చరిత్ర. రాజుల పట్టిక కన్నా అది వినసొంపుగానూ ఉంటుంది. ఐతిహ్యాలు చెప్పవద్దని కాదు, వాటిని ఐతిహ్యాలుగానే చెప్పాలి.

బృందం చిన్నదిగా ఉండాలనీ, వేరుశనగ, పాలు వంటివి పడనివారిని ముందే అడిగి తెలుసుకోవాలనీ వేరే చెప్పనక్కరలేదు. నిర్వాహకులు వసూలు చేసే రుసుములో వండిపెట్టే చిన్న వ్యాపారులకు న్యాయమైన వాటా అందాలనీ, గైడ్లకు అనుమతి ఇచ్చే శాఖలు వారి చారిత్రక పరిజ్ఞానాన్ని కూడా పరిశీలించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు