ఆ పసుపు డబ్బాకి తాళం వెయ్యకురా

ఒరేయ్ సూరిబాబూ,

నీ ఉత్తరం అందింది. మీ బామ్మర్దితో కలిసి అంతర్వేదిలో పాత బోటు కొంటున్నావని చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలంటే మీ అమ్మ కొంగు వదిలేవాడివి కాదు, ఇప్పుడు సముద్రం మీదకి వెళ్తానంటున్నావు! ఇంజను సంగతి అడిగావు కదా. మేస్త్రీని వెంటబెట్టుకెళ్లి గంటసేపు లోడు మీద తిప్పించు. పొగ నీలంగా వస్తే ఆయిలు తాగుతోందని అర్థం, ఆ బేరం వదిలెయ్. ఇంజను గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

నువ్వు అడగని సంగతి ఒకటుంది. ఆ బోటులో లైఫ్ జాకెట్లు, బీకన్ ఎక్కడ పెట్టారో చూశావా? బీకన్ అంటే ఆపదలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పసుపు డబ్బా. ఉన్నాయా అంటే ఎవడైనా ఉన్నాయనే అంటాడు. ఎక్కడున్నాయో కనుక్కో.

ఈమధ్య ఒక బోటు ఇంజను చూడ్డానికి వెళ్లాను. కేబిన్లో చెక్క బీరువా, దానికి చిన్న ఇత్తడి తాళం, లోపల బీకన్. ఖరీదైన సామాను, రేవులో ఎవడైనా ఎత్తుకుపోతాడని ఓనరు భయం. తాళంచెవి ఏదయ్యా అంటే బోటు నడిపే సరంగు చొక్కా పైకెత్తి మొలతాడుకి కట్టుకున్నది చూపించాడు. బోటు పక్కకి ఒరిగి, కేబిన్లో నీళ్లు నిండి, చీకట్లో ఈయన మొలతాడు ముడి విప్పేదెప్పుడు, తాళం తీసేదెప్పుడు? పోనీ జాకెట్లయినా అందుతాయా అంటే, అవి వలల కింద ఉన్నాయి, కొన్న రోజు వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా. ఒకటి మాత్రం బయట ఉంది, కళాసీ తలగడగా వాడుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే ఆ బోటులో తెలివైనవాడు అతనే, కనీసం చేతికి అందేలా పెట్టుకున్నాడు.

మన దగ్గర అసలు గండం గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరే కదా. పోటు తగ్గాక పాటు నీరు బయటికి లాగుతుంటే, ఎదురుగా కెరటం లేచి విరుగుతుంది. అంతర్వేది అయినా భైరవపాలెం అయినా ఇదే వరస. ఇసుక మేట ఈ ఏడాది ఉన్నచోట వచ్చే ఏడాది ఉండదు. అక్కడ బోటు తిరగబడితే ఆలోచించుకునే టైము ఇవ్వదు. అందుకే మొగ రాకముందే జాకెట్లు వేసుకోవాలి, లోపలికి వచ్చేటప్పుడు కూడా. ‘ఈత వచ్చినోడికి జాకెట్టెందుకు’ అని మీ బామ్మర్ది అంటాడు, నాకు తెలుసు. కాలికి వల చుట్టుకుంటే ఈత ఏం చేస్తుందో అడుగు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం అవతల కచ్చులూరులో పర్యాటకుల బోటు మునిగినప్పుడు బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది జాకెట్టు ఒంటి మీద ఉన్నవాళ్లే. అది సముద్రం కూడా కాదు, మన గోదారే.

ఇంకోమాట. కేబిన్లో పడుకునేవాణ్ణి ఫోమ్ జాకెట్టు వేసుకుని పడుకోమనకు. బోటు తిరగబడితే అది మనిషిని పైకి తేల్చి లోపలి చెక్కకే అదిమేస్తుంది, ఇంక తలుపు దాకా మునిగి రాలేడు. వాడి జాకెట్టు తలుపు బయట, చెయ్యి చాపితే దొరికేచోట కొక్కేనికి ఉండాలి. డెక్కు మీద ఉన్నవాడు మాత్రం వేసుకునే ఉండాలి.

బీకన్ విషయం. పాత సామానులో ఏదో బీకన్ ఉందని రాశావు, దాని మీద 406 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడు. 121.5 ఒక్కటే ఉంటే దాన్ని నమ్ముకోకు. 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు ఆ సిగ్నల్ వినడం మానేశాయి. 406 ఉంటే దాన్ని నీ బోటు పేరు మీద రిజిస్టర్ చేయించు, లేకపోతే సిగ్నల్ వెళ్లినా పాత ఓనరుకి ఫోన్ చేస్తారు. బ్యాటరీ మీద తేదీ చూడు. దానికున్న తాడు బోటుకి కట్టకు, బోటు మునిగితే బీకన్ కూడా అడుక్కి పోతుంది. నీళ్లలో పడ్డాక నీకో, తేలే సామానుకో కట్టుకోవాలి. యాంటెన్నా ఆకాశంకేసి ఉండాలి. పరీక్షకి టెస్ట్ బటనే నొక్కాలి. పొరపాటున అసలు బటన్ నొక్కితే ఆపేసి గప్‌చుప్‌గా కూర్చోకు, 1554కి ఫోన్ చేసి కోస్ట్ గార్డ్‌కి చెప్పు.

మన ఇస్రో వాళ్లు జాలర్ల కోసమే చేసిన డాట్ అనే ఆపద సిగ్నల్ పరికరం కూడా ఉంది, 2010 నుంచి వాడుతున్నారు. బోటు మునుగుతోందా, నిప్పంటుకుందా, మనిషికి వైద్యం కావాలా అన్నది కూడా చెప్పగలదు. 2024లో వచ్చిన కొత్తదైతే, నీ సిగ్నల్ అందిందని తిరిగి కబురు కూడా పంపుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. నడిసముద్రంలో మన కేక ఎవరికైనా వినపడిందో లేదో తెలియకపోవడం ఎంత టెన్షనో! 96 తుఫానుకి భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకి వెళ్లినవాళ్లకి కేక వేసే సాధనమే లేదు.

తాళం వెయ్యకపోతే దొంగతనం మాటేమిటి అంటావు. బోటు రేవులో కట్టేసినప్పుడు బీకన్‌ని ఇంటికి పట్టుకుపో. వేటకి బయల్దేరేటప్పుడు సరంగు నిలబడే చోట, డెక్కు మీద, పైన ఏ సామానూ పడకుండా బిగించు. కళాసీలందరికీ ఒకసారి చేతికిచ్చి చూపించు, సరంగే నీళ్లలో పడితే నొక్కేదెవరు?

వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. అంతకుముందే ఒక ఆదివారం వస్తాను, నీ బోటు చూసినట్టూ ఉంటుంది, మీ ఆవిడ చేతి రొయ్యల ఇగురు తిన్నట్టూ ఉంటుంది. జాకెట్లు మాత్రం నేను వచ్చేదాకా కొనకు. ఒంటికి వేసి బకిళ్లు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవుల దాకా లేచిందంటే అది నీళ్లలో నిలవదు. మీ బామ్మర్ది ఛాతీ కొలత, పొట్ట కొలత రాసి పంపు. మొన్న పెళ్లిలో చూశాను, మామూలు సైజుకి బకిలు పడేలా లేదు.

నీ
వెంకన్న