ఓపీ చీటీలో రెండు వరుసలు: ఆంధ్రప్రదేశ్ వైద్యారోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కడప జిల్లాలో ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. ఈ మధ్య పులివెందుల వైపు నుంచి అరవై దాటిన ఒకావిడ ఆయాసంతో వచ్చారు. ఆమె తెచ్చిన పాత ఓపీ చీటీలో వృత్తి దగ్గర గృహిణి అని, దాని కింద టీబీ మందులు రాసి ఉన్నాయి. కఫంలో క్రిమి కనిపించకపోయినా ఆరు నెలలు వాడారట, ఆయాసం తగ్గలేదు. వీపు అడుగు భాగాన స్టెతస్కోపు పెడితే, ఊపిరి పీల్చడం ముగిసేవేళ రెండు వైపులా చిటపటమని వినిపించింది. మీ ఆయన ఏం చేసేవారని అడిగాను.

"రాతినార గనిలో పని సార్. ఆయన గుడ్డలు దులిపి ఉతికేదాన్ని, దూది మాదిరి రాలేది" అన్నారు. రాతినార అంటే ఆస్‌బెస్టాస్, నారలుగా విడిపోయే ఖనిజం.

హెచ్ఆర్‌సీటీలో (వివరంగా చూపే సీటీ స్కాన్‌లో) రెండు ఊపిరితిత్తుల అడుగునా మచ్చకట్టిన గీతలు, వాటిని కప్పి ఉండే పొర మీద సున్నం పట్టిన ఫలకాలు కనిపించాయి. టీబీ ఎక్కువగా పై భాగాన్ని పట్టుకుంటుంది, రాతినార దుమ్ము తెచ్చే ఈ జబ్బు, ఆస్‌బెస్టోసిస్, అడుగునుంచి మొదలవుతుంది. తొలిదశలో మామూలు ఎక్స్‌రే ఈ తేడాను పట్టివ్వదు.

రాతినార గనులకు కొత్త లీజులను కేంద్రం 1986లోనే ఆపింది. అయితే పీల్చిన నార జబ్బుగా బయటపడడానికి తరచు 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది కనుక ఆనాటి దుమ్ము ఇప్పుడు మా ఓపీకి వస్తోంది. కార్మికుల ఆరోగ్య రికార్డులను దశాబ్దాలపాటు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. వాళ్ల గుడ్డలు ఉతికినవారికి ఏ రికార్డూ లేదు. దక్షిణాఫ్రికాలో 33 మెసోథీలియోమా (ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) కేసులను 1960లో వెల్లడించినప్పుడే, వారిలో కొందరు గని పక్కన బతికినవారే తప్ప గనిలో దిగినవారు కారని తేలింది. అక్కడిది నీలి రాతినార, మనది తెల్లది. రెండూ క్యాన్సర్ కారకాలే.

నయం కాని జబ్బుకు పేరు పెట్టి ఏం లాభమని ఒక అధికారి నన్ను అడిగారు. కాలేయాన్ని దెబ్బతీయగల మందులు అనవసరంగా మింగకుండా ఆపవచ్చు, న్యుమోనియా టీకా వేయవచ్చు, క్యాన్సర్ వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండవచ్చు.

కాబట్టి జిల్లాలోని ఛాతీ విభాగాల్లో, టీబీ కేంద్రాల్లో ఓపీ చీటీకి రెండు వరుసలు చేర్చమని కోరుతున్నాను: ఏ ఊళ్లో పెరిగారు, ఇంట్లో ఎవరైనా రాతినార పని చేశారా. అవునన్నవారికి కఫంలో క్రిమి లేకుంటే, టీబీ మందులకు ముందు హెచ్ఆర్‌సీటీ తీయించాలి. ఛాతీలో నీరు చేరితే ఆ నీటి పరీక్షతో సరిపెట్టకుండా, థొరాకోస్కోపీతో (ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి) పొర ముక్క తీసి పరీక్షించే వీలు జిల్లా కేంద్రంలోనే ఉండాలి. చీటీ నమూనా జతచేస్తున్నాను.

ఇట్లు,
కడప జిల్లా వైద్యుడొకరు