మా పాపకి చేయందించిన వాళ్లందరికీ

మా పాప ఈ జూన్ నుంచి బోడుప్పల్‌లో మా వీధి చివర ఉన్న అంగన్‌వాడీకి వెళ్తోంది. కాళ్లకి స్ప్లింట్లు, పట్టుకుని నడవడానికి చిన్న వాకర్, మెడలో నీళ్ల సీసా. మూడున్నరేళ్ల పిల్ల అంగన్‌వాడీకి వెళ్లడం వేరే ఇళ్లలో పెద్ద వార్త కాదు. నెలలు నిండకుండా పుట్టి, కాళ్ల బిగువుతో నడక కష్టమైన పిల్ల కాబట్టి మాకు పెద్ద వార్తే. ఇందుకు సాయపడిన వాళ్లకి విడివిడిగా చెప్పుకున్నాను గానీ, నలుగురికీ తెలిసేలా ఒకచోట చెప్పాలని చాలా రోజులుగా మనసులో ఉంది. కొందరు తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకే ఎవరి పేర్లూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి మాట వాళ్లకి తెలిసిపోతుంది.

పాప 31వ వారంలోనే పుట్టింది. బరువు కిలోన్నర కూడా లేదు. ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బయట కూర్చున్న రోజుల గురించి ఎక్కువ రాయను, ఆ టెన్షన్ పడ్డవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అక్కడి సిస్టర్‌కి మాత్రం మొదటి దండం. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద రెండు పరీక్షలు ఎర్ర పెన్నుతో రాసి, "మందులు ఒక పూట మర్చిపోయినా చూసుకోవచ్చు, ఇవి మర్చిపోవద్దు" అంది. ఒకటి కంటిది. 34 వారాలకు ముందు పుట్టిన పిల్లలకీ, రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లలకీ రెటీనాలో రక్తనాళాలు సరిగ్గా ఎదగకపోవచ్చట. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది. అందుకే పుట్టిన నెలలోపు లోపలికి చూసి తేల్చుకోవాలి. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డబ్బు కట్టలేని వాళ్లకి అక్కడ ఉచితంగానే చూస్తారు. రెండోది వినికిడి పరీక్ష. నెలలోపు పరీక్ష, తేడా ఉంటే మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు కావాలని ఆ పరీక్ష చేసిన ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. పాపకి చూపు, వినికిడి రెండూ బాగానే ఉన్నాయి.

ఇక మా అంగన్‌వాడీ టీచర్ గారు. ఈ పోస్టు అసలు ఆమె కోసమే మొదలుపెట్టాను. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే పోషకాహార పొడి, బాలామృతం పాకెట్ల కోసం పాపని ఎత్తుకుని వెళ్లాను. ఏడో నెల నుంచి పిల్లలకి అది ఇస్తారు. పాకెట్లు ఇచ్చి పంపేస్తే ఆమె డ్యూటీ అయిపోయేది. కానీ "ఒకసారి చాప మీద పడుకోబెట్టమ్మా" అన్నారు. కాసేపు చూశారు. పాప పిడికిళ్లు బిగించే ఉంది, బొటనవేళ్లు లోపలే. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టంగా ఉంటోందా అని అడిగారు. అవునన్నాను. తల్లీబిడ్డల కార్డు తెరిచి, ఏ నెలకి పిల్లలు ఏం చేయాలో ఉన్న బొమ్మలు చూపించారు. "నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి రెండు నెలలు తీసేసి చూద్దాం. తీసేసినా ఈ పిడికిలి ఇప్పటికి విప్పాలి. నేను డాక్టర్ని కాదమ్మా. కానీ చూపించు, ఆగొద్దు" అన్నారు.

పుట్టిన పిల్లల నుంచి 18 ఏళ్ల వాళ్ల దాకా పరీక్షలు చేయడానికి 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అనే కార్యక్రమం ఉంది. ఆ టీమ్ అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మళ్లీ వాళ్లు వచ్చేదాకా ఆగకుండా టీచర్ గారే ఫోన్ చేసి మాట్లాడారు. రిజిస్టర్లు, గుడ్ల లెక్కలు, సర్వేలు, వీటన్నిటి మధ్య ఒక పసిపిల్ల గుప్పిట మీద ఆమె కన్ను పడింది. అంగన్‌వాడీ టీచర్లు చేసే పనికి మనం ఇచ్చే గౌరవం, జీతం రెండూ చాలా తక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మరో చోట ఒక క్లినిక్‌లో, ఏడాది నిండాక చూద్దాం, కొందరు పిల్లలు నెమ్మదిగానే ఎదుగుతారు అన్నారు. చుట్టాలూ అదే మాట. ఆ మాట మీద ఉండిపోకుండా మమ్మల్ని ముందుకు నడిపించింది పిల్లల న్యూరో డాక్టర్ గారు. ఎంఆర్ఐ చూసి, కాగితం మీద మెదడు బొమ్మ గీసి, నెలలు నిండని పిల్లల్లో దెబ్బ తగిలే చోటు నుంచే కాళ్లకి వెళ్లే నరాల దారి ఉంటుందని, అందుకే చేతుల కన్నా కాళ్లలో బిగువు ఎక్కువని అర్థమయ్యేలా చెప్పారు. ఆ దెబ్బ ఇకమీద పెరగదు, పూర్తిగా పోదు కూడా. ఇలా మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కండరాల పట్టు, కదలికలు దెబ్బతినడాన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు. "సెరిబ్రల్ పాల్సీ అని ఇప్పుడే రాయను, వచ్చే అవకాశం ఎక్కువ అని రాస్తాను. పేరు ఖాయం కావడానికి టైమ్ పట్టనీ. థెరపీ మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. చిన్న వయసులో మెదడు కొత్త దారులు వెతుక్కునేంత వేగంగా తర్వాత వెతుక్కోదు" అన్నారు. అబద్ధపు ఆశ పెట్టలేదు, భయపెట్టనూ లేదు. ఆ మాటలు ఇప్పటికీ నాకు ధైర్యం.

అలా బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌కి చేరాం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన అక్కడి జాతీయ సంస్థని పాతవాళ్లు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల ఆరేళ్లలోపు పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు (చిన్నప్పుడే ఇబ్బంది గుర్తించి థెరపీ మొదలుపెట్టే కేంద్రాలు) ప్రారంభించారు, వాటిలో ఇదొకటి. ఫిజియో, స్పీచ్, చేతులతో రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేటర్, తల్లిదండ్రులకి కౌన్సెలింగ్, అన్నీ ఒకే కప్పు కింద. చంటిపిల్లని ఎత్తుకుని ఊరంతా తిరిగేవాళ్లకి ఇది ఎంత పెద్ద సాయమో!

అక్కడి ఫిజియో మేడమ్ మొదటి రోజే ఇలా అన్నారు: "నేను చేయించేది ముప్పావు గంట. ఆ తర్వాత పాపని ఎత్తుకునేదీ, తినిపించేదీ, నీళ్లు పోసేదీ మీరు. ఆ పనులు ఎలా చేస్తారో చూపించండి, అక్కడి నుంచి మొదలుపెడదాం." మా అత్తమ్మ వైపు తిరిగి, మీరు స్నానం ఎలా చేయిస్తారమ్మా అని అడిగారు. అత్తమ్మ సిగ్గుపడుతూనే అక్కడే నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి చూపించింది. మేడమ్ కూడా పక్కన కూర్చున్నారు. "ఇదే కావాలి! బోర్లా ఉంచినప్పుడు ఇంకాసేపు అలాగే ఉంచండి. ఎదురుగా మెరిసే గిన్నె పెట్టండి, చూడటానికి తల ఎత్తుతుంది, మెడ గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లు పోశాక కండరాలు వదులవుతాయి, అప్పుడు మోకాళ్లు వంచి మెల్లగా కాళ్లు విడదీయండి. గట్టిగా మర్దన చేయొద్దు, లాగొద్దు."

చంకన ఎక్కించుకోవడం కూడా ఆమె చెప్పిందే. చేతుల్లో పడుకోబెట్టి తిప్పే కన్నా చంకన ఎత్తుకుంటే నడుముకి అటూ ఇటూ కాళ్లు విడిపడి ఉంటాయి, వెన్ను నిలబెట్టడం అలవాటవుతుంది. కాసేపు కుడి వైపు, కాసేపు ఎడమ వైపు. మన ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు చేసే పనుల్లోనే థెరపీ పెట్టి ఇచ్చారు. అత్తమ్మకి చదువు రాదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో పెద్ద ఫిజియో ఆమే. ఎవరైనా పాప కాళ్లు పట్టుకుని లాగబోతే ఒప్పుకునేది కాదు. చుట్టాలు ప్రేమగా కొనిచ్చిన చక్రాల బేబీ వాకర్ కూడా మేడమ్ మాట మీద పక్కన పెట్టింది. అందులో పిల్లలు మునివేళ్ల మీద తోసుకుంటూ తిరుగుతారు, బిగువున్న కాళ్లు ఇంకా బిగుస్తాయి. అత్తమ్మా, ఇది నీకు కూడా థాంక్స్. చదివి వినిపిస్తాను.

పాప కూర్చోవడానికి కార్నర్ చైర్ కావాలన్నారు. వెనక రెండు పలకలు గోడ మూలలా కలిసి వీపుని, భుజాల్ని పట్టుకుంటాయి. ముందు ఒక పలక, కాళ్లు దగ్గరికి రాకుండా మధ్యలో చిన్న దిమ్మ. ఫిజియో మేడమ్ కొలతలు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని మా గల్లీలో కార్పెంటర్ అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు పాపని చూస్తానన్నాడు. ఇంటికి వచ్చి, టేపు పెట్టి తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా మళ్లీ కొలిచాడు. మిగిలిన ప్లైవుడ్ ముక్కలతోనే చేసి, అంచులన్నీ చేయి గీసుకోకుండా నున్నగా రుద్ది, దిమ్మకి స్పాంజి చుట్టి తెచ్చాడు. కూలి ఎంతన్నా తీసుకోలేదు. పాప ఎదిగిన కొద్దీ ఆయనే గుర్తుపెట్టుకుని వచ్చి పలక ఎత్తు మార్చి వెళ్లేవాడు. ఆ కుర్చీలో కూర్చుంటే పాప రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. చేతులు ఖాళీ అయితేనే కదా గ్లాసు పట్టుకోవడం, మరమరాలు ఏరుకోవడం, బొమ్మ విసిరేయడం!

తిండి మాకు పెద్ద భయం. తల వెనక్కి వాల్చి తాగిస్తే పొలమారేది. స్పీచ్ మేడమ్ పాపని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా, స్పూన్ ఎదురుగా కింది నుంచి తేవడం నేర్పారు. జావ పలచగా కాకుండా చిక్కగా చేయమన్నారు. అప్పటి నుంచి పొలమారడం తగ్గింది. మాట కోసం కూడా ఆమె తిండినే వాడారు. ఇడ్లీ, అరటిపండు రెండూ చూపించి ఏది కావాలో పాపనే ఎంచుకోనివ్వమన్నారు. మొదట చూపుతో అడిగింది, తర్వాత చెయ్యి చాపింది, ఆ తర్వాత ఒక రోజు "ఇయ్యి" అంది. ఇప్పుడు ఆ మాట ఆగడం లేదు.

వెయిటింగ్ హాల్లో పరిచయమైన నల్గొండ అక్క లేకపోతే కాగితాల పని మాకు తెలిసేది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉందని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకోమని, తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి అప్లై చేయమని చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి అది వర్తిస్తుంది. లక్ష రూపాయల దాకా, ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీలకి కూడా కొంత వస్తుంది. తన కొడుకు ఫైలు తెరిచి ఏ కాగితం ఎక్కడ జత చేయాలో చూపించింది.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో ఉప్పల్ నుంచి సికింద్రాబాద్, అక్కడి నుంచి బోయిన్‌పల్లి ప్రయాణం ఖర్చు గురించి ఆలోచించాల్సిన పని పోయింది. ఎంత రష్ ఉన్నా "పాపతో ఉన్న అక్కకి సీటివ్వండి" అని అరిచే కండక్టరమ్మకి, షిఫ్టులు మార్చుకోనిచ్చిన మా ఆయన ఓనర్ గారికి, మా బాబుకి స్కూలు నుంచి రాగానే అన్నం పెట్టి హోంవర్క్ చేయించే పక్కింటి వదినకి నమస్కారాలు. అంగన్‌వాడీ గుమ్మం ముందున్న మెట్టుకి సిమెంటుతో వాలు కట్టి, వాకర్ ఎక్కేలా చేసిన మేస్త్రి గారికి కూడా.

పాప ఏ సపోర్టూ లేకుండా ఎంత దూరం నడుస్తుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టర్లు అంటున్నారు. థెరపీ నడుస్తూనే ఉంది.

ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు ఎవరింట్లోనైనా నెలలు నిండకుండా పుట్టిన పిల్లలుంటే, ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో తెలియకపోతే నన్ను అడగండి, మొదటిసారి నేనే తోడొస్తాను. కార్నర్ చైర్ ఇప్పుడు పాపకి చిన్నదైంది. శుభ్రం చేసి, స్పాంజి కొత్తది వేసి ఉంచాం. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లొచ్చు, డబ్బులేమీ వద్దు. మీ పిల్లకి సరిపోతుందో లేదో మీ ఫిజియో చూశాకే కూర్చోబెట్టండి. కొలత తేడా ఉంటే సరిచేసిస్తానని కార్పెంటర్ అన్న చెప్పమన్నాడు.