గుమ్మం దాకా వెళ్ళి పిలువు వదినా

కార్క్, ఐర్లండ్
సెప్టెంబరు 2026

వదినా,

ఇక్కడ మేమంతా క్షేమం. పర్లాకిమిడిలో మీరంతా క్షేమమని తలుస్తాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అన్నయ్య నవ్వుతాడు. నవ్వనీ. ఫోనంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. పిల్లని చూపించమంటారు, పిల్ల తుమ్మితే ఆ తుమ్ము మీద పది నిమిషాలు చర్చ. చెప్పాల్సింది చెప్పేలోగా అది ఏడుపు మొదలెడుతుంది. పైగా ఇది నీ ఒక్కదానికే రాస్తున్నది కాదు. మామ్మకి చదివి వినిపించు. పాతపట్నం పట్టుకెళ్ళి పెదనాన్న దగ్గరా చదువు. ఎవరి ముందు ఏది చదవకూడదో మధ్యలో చెప్తుంటాను.

ముందు బారసాల. వీడియోలో మీరు చూసింది సగమే. ఇరవయ్యొకటో రోజు పొద్దున్నే అత్తయ్యగారు లేచి, బాలింత చేత నూతిలో చేద వేయించాలి, నుయ్యేదీ అన్నారు. అద్దె ఇంట్లో నుయ్యి ఎక్కణ్ణుంచి తేను? ఆవిడే కాసేపు ఆలోచించి, వంటింటి కుళాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా చేత దాని కింద చెంబు పట్టించారు. చేద దిగలేదు గానీ నీళ్ళయితే వచ్చాయి. మర్నాడు ఇంటి ఓనరు ఏదో రిపేరుకి వచ్చి ఆ కుళాయి వైపు రెండుసార్లు చూశాడు. ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఉయ్యాలకి బదులు ఇక్కడి పసిపిల్లల బుట్ట ఒకటి తెచ్చాం. బరంపురం పిన్ని పంపిన పట్టుచీర, ఆ కుంభం అంచుది, నాలుగు మడతలేసి అందులో పరిచాం. పిన్నికి మాత్రం కట్టుకున్నానని చెప్పు. పళ్ళెంలో బియ్యం పోసి మీ అన్నయ్యగారు ఉంగరంతో ‘తనయ’ అని రాశారు. మన మహేంద్రతనయ ఏటి పేరులో రెండో సగం. మొత్తం పెడదామన్నారు గానీ ఇక్కడి బళ్ళో మేష్టర్ల నోరు తిరగాలి కదా, మొదటి సగం వదిలేశాం.

పక్కింట్లో ఒక ముసలావిడ ఉంటుంది. వచ్చి పిల్ల గుప్పిట్లో వెండి నాణెం పెట్టింది, ఇక్కడ పాతకాలం వాళ్ళ ఆనవాయితీ అట. చేతిలో ఏదైనా పెట్టి పిల్లని చూసే మనిషి కదాని అత్తయ్యగారికి ఆవిడ వెంటనే నచ్చేసింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు, ఇద్దరూ గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. నాతో పనిచేసే మలయాళీ నర్సులు నలుగురు వచ్చి వంటిల్లు చూసుకున్నారు. మనవాళ్ళు లేని లోటు తెలీలేదని రాయమంటావేమో. తెలిసింది. పేరు చెవిలో చెప్పే వేళకి మేనత్త లేదు, నువ్వు లేవు, మామ్మ దిష్టి తీయలేదు.

ఇక్కణ్ణుంచి పెదనాన్న దగ్గర చదవకు.

పిల్ల పుట్టిన రోజు అన్నయ్య ముందు అమ్మకి చెప్పాడు, తర్వాత పెదనాన్నకి ఫోన్ చేద్దామనుకున్నాడు. ఈలోగా ఎవరో ఆసుపత్రి ఫొటో స్టేటస్‌లో పెట్టేశారు. ఎవరో నేనడగను. మరి పెదనాన్నకి ఆ వార్త ఎవరు చెప్పారో తెలుసా? పాతపట్నంలో టీకొట్టు అబ్బాయి. ‘మాస్టారూ, మీ తమ్ముడిగారికి మనవరాలట కదా’ అన్నాడట. ఇంట్లో పెద్దవాడు, తమ్ముడికి మనవరాలు పుట్టిన సంగతి టీకొట్టు దగ్గర విన్నాడు. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేస్తే ‘తెలిసిందిలే’ అన్నారు. ఆ ఒక్కమాటే. అప్పట్నుంచి నేను ఎన్నిసార్లు చేసినా పెద్దమ్మకి ఇచ్చేస్తున్నారు. పిల్ల బాగుందా అని మాత్రం పక్కనుంచి అడుగుతారు, నాకు వినపడేలా.

పెదనాన్న దగ్గర మళ్ళీ ఇక్కణ్ణుంచి చదువు.

నవంబరులో తనయకి అయిదో నెల. ఆడపిల్ల కాబట్టి అన్నప్రాశన అప్పుడే చేస్తాం. అదే కార్తీకంలో అక్కడ నాన్న షష్టిపూర్తి. ఎలాగూ నువ్వు కుంకుమ భరిణె పట్టుకుని షష్టిపూర్తి పిలుపులకి తిరుగుతావు. అదే గుమ్మంలో, అదే బొట్టుతో, నా పిలుపు కూడా చెప్పు. ‘కార్క్‌లో మా ఆడపడుచు కూతురికి అన్నప్రాశన, మీరు తప్పకుండా రావాలి’ అని పూర్తిగా అను, నవ్వుతూ అనకు. ఎవరూ రారని నాకూ తెలుసు. విమానం ఎక్కి రమ్మని కాదు.

మామ్మ ఏం చేసేదో చెప్తాను విను. నీ పెళ్ళికి ముందు సంగతి, నీకు తెలీదు. గుణుపురం బాపమ్మగారి వాళ్ళు కోతల రోజుల్లో చచ్చినా కదలరు. అయినా మామ్మ వెళ్ళేది. అప్పట్లో ఆ నౌపడా-గుణుపురం చిన్న బండి, ఎంత మెల్లగా పోయేదంటే నడిచి వెళ్ళడమే నయం అనేవారు. అది 2004లో ఆగిపోయి, 2011లో పెద్ద పట్టాల మీద మళ్ళీ వచ్చింది, నువ్వు ఎక్కింది ఇదే. మామ్మ ఆ చిన్న బండిలో కాశీనగరం మీదుగా గుణుపురం దాకా పోయి, వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగి, బొట్టు పెట్టి, మళ్ళీ బండికి తిరిగొచ్చేసేది. రారని తెలిసీ ఎందుకే అంటే, ‘పిలవకపోతే తప్పు మనది. పిలిచాక రాకపోతే తప్పు వాళ్ళది. తప్పు ఎప్పుడూ అవతలింట్లో ఉండాలే’ అనేది. నాకు ఇంతకంటే మంచి కారణం ఇప్పటికీ దొరకలేదు.

పెదనాన్న ఇంటికి ముందు వెళ్ళు. మిగతా ఇళ్ళన్నీ తర్వాత. ఆటో ఎక్కితే రాష్ట్రం మారిపోతుంది, అంత దగ్గర, ఎండ అనకు. అన్నయ్యనీ వెంట తీసుకెళ్ళు, ఆయన కుర్చీలో కూర్చున్నాక చెప్పండి. షష్టిపూర్తి కార్డు మాటలు కూడా ఆయన చేతే రాయించండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా అన్నారు కదా, తెలుగు వైపు ఆయనది. తెలుగు మేష్టారుగా చేసిన మనిషికి అది మర్యాద. ఒక్క మాట నా తరఫున అడుగు: వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలో ఉండే కదా అంత పోరాడింది, మరి ఆయన పేరు రోజుకి పదిసార్లు తలిచే పెదనాన్న శుభలేఖ రాస్తే ఆ ‘ఆహ్వానించుచున్నారము’ ఏమిటీ అని. 1936లో ఊరు ఒడిశాలో కలిసిందని గిడుగువారు రాజమండ్రి వెళ్ళిపోయారు, మన ముత్తాత మాత్రం కదల్లేదు అని ఆయన మొదలెడతారు. ‘కొట్టు ఇక్కడ ఉంది మరి’ అని నువ్వు పూర్తి చెయ్యి. అప్పటికి నవ్వుతారు.

మన వీధి మౌసి వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు బొట్టుతో పాటు వక్క కూడా పట్టుకెళ్ళు. వాళ్ళు వక్క పెట్టి పిలుస్తారు, అది లేకపోతే పిలిచినట్టు కాదు. నేను పుట్టినప్పుడు మన బారసాలా, వాళ్ళ మనవడి ఏకోయిశియా ఒకే వారంలో పడ్డాయట, ఇరవయ్యొకటో రోజు వాళ్ళకీ మనకీ ఒకటే కదా. ఆవిడతో ఒడియాలోనే చెప్పు, నీ ఒడియా బాగానే ఉంటుంది, ఊరికే సిగ్గుపడతావు. కొండ మీది నుంచి సంతకి అడ్డాకులు తెచ్చే అప్పకి కూడా చెప్పు. విస్తళ్ళు ఎలాగూ ఆవిడ దగ్గరే తీసుకుంటారు. ఆవిడ ఏ ఫోనులోనూ ఉండదు, ఎవరూ చెప్పకపోతే ఆవిడకి నాకు పిల్ల పుట్టినట్టే తెలీదు.

మేం ఎందుకు రావట్లేదని అడిగితే చెప్పడానికి: తనయకి పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఇక్కడ పుడితే ఐరిష్ పాస్‌పోర్టు వచ్చేస్తుందని టెక్కలి మావయ్య అందరికీ చెప్తున్నారట. 2005 నుంచి అలా లేదు. పిల్ల పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా గడిచిన నాలుగేళ్ళలో మూడేళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి, మేమొచ్చి అంత కాలేదు. కాబట్టి పిల్ల మన దేశం పిల్లే. డబ్లిన్‌లో మన ఎంబసీలో ఏడాదిలోపు నమోదు చేయించాలి, ఆ కాగితాల పనిలో ఉన్నాం. టెన్షన్ ఏమీ లేదు, టైం పడుతుంది అంతే.

అన్నప్రాశన ముహూర్తం గురించి పంతులుగారికి ఒక మాట చెప్పు. ఆయన పోయినసారి అక్కడి సూర్యోదయం లెక్కతో టైం పెట్టి, ‘అక్కడికి మార్చుకోండమ్మా’ అన్నారు. గంటలు మార్చుకుంటే సరిపోదు. తిథి మారేది లోకమంతటికీ ఒకేసారి, లగ్నం మాత్రం ఊరూరికీ వేరు. నవంబరు చివర ఇక్కడ ఎనిమిదైతేగానీ తెల్లవారదు, అయిదు లోపే చీకటి. పగలుని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం చూస్తారు కదా, ఆ లెక్కన ఇక్కడ చలికాలంలో అది గంటకి కాస్త ఎక్కువంతే. ఈ దేశంలో చలికాలం వల్ల నాకు కనిపించిన లాభం అదొక్కటే. కార్క్ పేరు రాసి ఇవ్వు, ఆయన దగ్గరున్న కంప్యూటర్ పంచాంగంలో ఊరు మార్చుకుంటే చాలు.

ఇక షష్టిపూర్తి. నాన్న పుట్టిన పరాభవ నామ సంవత్సరం 1966లో వచ్చింది, మళ్ళీ మొన్న ఉగాదికి వచ్చింది. ఇంత మంచి కొడుక్కి అరవై పేర్లలో ఆ పేరే దొరికిందా అని మామ్మ ఇంకా పంచాంగాన్ని తిడుతూనే ఉందా?

వీడియో విషయంలో మాత్రం నా మాట వినండి. చిన్నాన్న కొడుకు పెళ్ళిలో ఫోను పట్టుకున్న గుంటడు మూడు గంటలూ నాకు పంతులుగారి వీపు చూపించాడు. మధ్యలో పక్కన పెట్టేసి భోజనానికి పోతే అరగంట సీలింగ్ ఫ్యాను చూశాను. మొత్తం నాకు వద్దు. నాన్న అమ్మకి మళ్ళీ సూత్రం కట్టేటప్పుడు ఒకసారి, పంక్తి భోజనాలప్పుడు ఒకసారి కాల్ చెయ్యండి. పంక్తి చివరిదాకా ఒకసారి నడిచి చూపించు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నేను చూసుకుంటాను. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి మీకూ మాకూ తేడా నాలుగున్నర కాదు, అయిదున్నర గంటలు. ముహూర్తం పొద్దున తొమ్మిదిన్నర అయితే నాకు నాలుగు. లేచే ఉంటాను, తనయ పడుకోనిచ్చేది ఎక్కడ?

తర్వాత నాకు ఉత్తరం రాయి. ఫొటోలు వస్తాయి, వాటిలో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎవరు అలిగారు, ఎవరు ఎవర్ని సముదాయించారు, సూత్రం కట్టేటప్పుడు అమ్మ నాన్నతో ఏదో అంటుంది చూడు, అది ఏమిటో రాయి. నువ్వు దగ్గర్లోనే నిలబడు. పులుసులో ఉప్పు సరిపోయిందా అన్నది కూడా.

బాలింతకి పెట్టే కాయం గురించి. అమ్మ మళ్ళీ పంపుతానంటోంది. నెయ్యి కలిపి పంపొద్దను. పాలు, నెయ్యి కలిసినవి యూరప్ బయటినుంచి రానివ్వరు, సున్నుండలు కూడా అంతే. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు పొడి కొట్టి, బెల్లం విడిగా కట్టి పంపితే నెయ్యి నేను ఇక్కడ కాచుకుంటాను. ఇక్కడి వెన్న పసుపుపచ్చగా ఉంటుంది, కాచితే ఇల్లంతా మన సంక్రాంతి వాసనే. మనలో మాట, అమ్మ నెయ్యి కన్నా బాగుంటుంది. ఇది అమ్మ ముందు చదవకు.

బుజ్జిగాడు పంపిన మెసేజ్ అందింది. తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో రాశాడు, ‘అత్తా, పాప ఎప్పుడొస్తది’ అని. నేనూ ఆ బడిలోనే చదివాను కాబట్టి సరిపోయింది, మీ అన్నయ్యగారు ఫోను అటూ ఇటూ తిప్పి ఇదేం లిపి అన్నారు. వాడిని పెదనాన్న దగ్గరికి ఆదివారాలు పంపు. ఆయనకి పని దొరుకుతుంది, వాడికి అక్షరాలు వస్తాయి, మధ్యలో నా మీద కోపం కూడా కాస్త తగ్గుతుంది. ఈ చివరి ముక్క అక్కడ చదివినా పర్లేదు.

అమ్మానాన్నలకి, మామ్మకి, పెదనాన్న, పెద్దమ్మలకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. ఎవరింటికి ఎప్పుడు వెళ్ళావో, బొట్టు పెట్టగానే ఏమన్నారో రాయి.

నీ ఆడపడుచు