వెల్లుల్లి ఎర్రబడనివ్వకు నాయనా

చిన్నా,

నిన్న ఫోన్లో "పాస్తాకి చేసే టమాటా సాస్ పుల్లగా, నీళ్లగా వస్తోందమ్మా, మళ్లీ రెడీమేడ్ కొనుక్కున్నా" అన్నావు. అప్పట్నుంచీ మనసు అక్కడే ఉంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు టమాటా సంగతి. ఈ జనవరి చలిలో మీ ఇటలీ నేపుల్స్‌లో తాజా కాయలు కొనకు. పైకి ఎర్రగా ఉంటాయి కానీ రుచి ఉండదు. డబ్బాలో వచ్చే 'పెలాటి' తీసుకో. మదనపల్లె మార్కెట్ పక్కన పుట్టి పెరిగిన నేను డబ్బా టమాటాలు కొనమంటున్నానంటే కారణం ఉంది. అవి ఎండాకాలంలో బాగా మాగాక కోసి, తొక్క తీసి పెట్టినవి. వెసూవియస్ కొండ దగ్గరి నేలలో పండే సాన్ మర్జానో అయితే ఇంకా మంచిది. పొడుగు కాయ, కండ ఎక్కువ, గింజ తక్కువ. రేటు ఎక్కువనిపిస్తే మామూలువే చాలు.

400 గ్రాముల డబ్బా ఇద్దరికి వస్తుంది. చేత్తో నలుపు. మిక్సీలో వేస్తే ఎరుపు పోయి నారింజ రంగుకు తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మనం పోపుకి నూనె కాగనిస్తాం కదా, ఇక్కడ అలా చెయ్యకూడదు. స్టీలు గిన్నెలో మూడు స్పూన్ల ఆలివ్ నూనె పోసి, అది చల్లగా ఉండగానే చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి సన్న సెగ పెట్టు. ఆగస్టులో నేనక్కడ ఉన్నప్పుడు మీ ఇంటి ఓనరు వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని మంట తగ్గించింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. రెబ్బ చుట్టూ ఆవగింజంత బుడగలు లేచి, అంచు లేత పసుపు తిరగ్గానే వేలు చూపించింది, టమాటా వెయ్యమని. ఎర్రబడితే సాస్ మొత్తం చేదెక్కుతుంది.

ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు మూత లేకుండా ఉడకనివ్వు. అంచుల్లో నూనె తేలితే అయినట్టు. ఉప్పు చివర్లో. పులుపు తగ్గకపోతే చిటికెడు చక్కెర. ధనియాల పొడి, గరం మసాలా వద్దు నాయనా, టమాటా రుచి చచ్చిపోతుంది. కారం కావాలంటే ఒక ఎండుమిరపకాయ వేసుకో, వాళ్లూ వేసుకుంటారు. స్టవ్ ఆపాక మన తులసి లాంటి బేసిల్ ఆకులు తుంచి వెయ్యి.

పాస్తా ఉడికే నీళ్లకు లీటరుకి 10 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద రాసిన టైముకి నిమిషం ముందే తీసి సాస్‌లో కలిపి, ఆ గంజి అరకప్పు పోసి తిప్పు. అప్పుడే సాస్ పాస్తాని పట్టుకుంటుంది.

ఆ ఆగస్టులో వాళ్లింటిల్లిపాదీ పెరట్లో కూర్చుని టమాటాలు ఉడికించి, మిషన్లో తిప్పి, ఒక్కో సీసాలో ఒక బేసిల్ ఆకు వేసి రసం నింపారు. సీసాలకు పాత గుడ్డలు చుట్టి డ్రమ్ములో ఉడకబెట్టి, చల్లారేదాకా నీళ్లలోనే ఉంచారు. నాకు మీ అవ్వ గుర్తొచ్చింది. మిద్దె మీద టమాటా ముక్కలు ఎండబెట్టి, సాయంత్రానికి తిరగేస్తూ, ఏడాదికి సరిపడా ఊరగాయ జాడీల్లోకి ఎత్తేది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ పెద్దావిడ ఏమీ అడగకుండా నా వీపు నిమిరింది. మనకిచ్చిన రెండు సీసాలు నీ అల్మారా పై అరలో ఉన్నాయి, తెరిచావో లేదో. తెరిస్తే మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యి.

ఆదివారం చెయ్యి. స్టవ్ ఆపే ముందు వీడియో కాల్ చేసి గిన్నె చూపించు, నూనె తేలిందో లేదో నేను చూస్తా.

మీ అమ్మ